నెమ్మదైన పిల్లల బ్లాకు

నాకు మాట్లాడడం చేతకాదని ఒకప్పుడు ఇద్దరు నిపుణులు తేల్చి చెప్పారు. అదీ ఉచితంగా. డబ్బు పుచ్చుకుని చెప్పి ఉంటే మా నాన్న ఆ మాటని కాస్తయినా అనుమానించేవాడేమో. ఊరికే చెప్పారు కనక, పైగా ఇంగ్లీషు కలిపి చెప్పారు కనక, నెత్తిన పెట్టుకున్నాడు.

ఇది తొంభైల నాటి మాట. భిలాయి అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లులో చేరిన మనిషి. టౌన్‌షిప్ క్వార్టర్లలో మా బ్లాకు నిండా షిఫ్టు డ్యూటీల వాళ్ళే. సగం మంది మా వైపు వాళ్ళు, మిగతా సగం బిహారు, ఒడిశా, కేరళ. నేను అప్పుడే పన్నెండో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్నాను. లా చదవాలని నా పట్టుదల. ముందు బి.ఏ., తర్వాత ఎల్.ఎల్.బి., ఆ తర్వాత పక్కనే ఉన్న దుర్గ్ కోర్టు. వాదించడమే పనిగా పెట్టుకుని బతికేవాళ్ళు లోకంలో ఉంటారని తెలిసిన రోజు నుంచీ నాకు ఇంకో పని మీద మనసు లేదు.

షిఫ్టు డ్యూటీ ఇంట్లో పెరగనివాళ్ళకి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రాత్రంతా మిల్లు దగ్గర నిలబడి వచ్చిన మనిషి పొద్దున్నే ఇంత తిని పడుకుంటాడు. ఆయన లేచేదాకా ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. ఒక వారం మా నాన్నది నైట్ షిఫ్టయితే ఇంకో వారం పైఇంటి మామయ్యది, మరో వారం పక్కింటి బిహారీ ఆయనది. గోడలు చూస్తే పల్చన. అంచేత ఏడాది పొడుగునా మా బ్లాకులో ఎవరో ఒకరు పట్టపగలు నిద్రపోతూనే ఉండేవారు. మా కాలింగ్ బెల్‌లో గుడ్డ కుక్కి ఉండేది. వచ్చినవాళ్ళు చుట్టూ తిరిగి వంటింటి కిటికీ మీద వేలితో కొట్టాలి. ప్రెషర్ కుక్కర్ అటక దిగేది కాదు, పప్పు గిన్నెలోనే ఉడకాలి. రేడియో అంటే చెవికి ఆనించుకుని వినే వస్తువు. కూరగాయల బండివాడు సైతం మా వీధి మొగలోనే కేక ఆపేసి, బ్లాకు ముందు నోరు మెదపకుండా నిలబడేవాడు. వింతేమిటంటే, రోజూ మిల్లు మోతలో నిలబడే మనిషికీ, తల దగ్గర కూలర్ రొద పెడుతున్నా గుర్రు పెట్టే మనిషికీ చెంచా కింద పడితే చాలు మెలకువ వచ్చేసేది.

నేనూ తమ్ముడూ చేతి సైగలతో మాట్లాడుకునేవాళ్ళం. పులుసులో ఉప్పు తక్కువైందనడానికి ఒక సైగ, నీ సంగతి అమ్మకి చెబుతాననడానికి ఒక సైగ. తిట్లతో సహా పెద్దపెద్ద పోట్లాటలు చప్పుడు లేకుండా జరిగిపోయేవి. మధ్యలో అమ్మ వచ్చి చెరో మొట్టికాయ వేస్తే ఆ ఏడుపు కూడా చేత్తో నోరు మూసుకునే ఏడవాలి. అమ్మని తప్పు పట్టను. నిద్ర చాలని మనిషి ఎర్రగా కాలిన ఉక్కు పక్కన నిలబడితే ఏమవుతుందోనన్న భయం ఆమెకి ఎప్పుడూ గుండెల్లో ఉండేది. మా నోరు నొక్కేసింది ఆ భయమే.

ఇంట్లో బిగబట్టిందంతా బడిలో కక్కేసేదాన్ని. మా హిందీ టీచరు నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, లౌడ్ స్పీకర్ అనేది. వాదవివాద పోటీల్లో నేను లేస్తే అవతలి బడి పిల్లల ముఖాలు వాడిపోయేవి. గెలిచినప్పుడల్లా స్టీలు గ్లాసులు ఇచ్చేవారు. ఉక్కు ఊళ్ళో ఇంకేం ఇస్తారు? నాన్న ఆ గ్లాసుల్లోనే టీ తాగేవాడు. అవి దేనికిచ్చారో ఆయనకి తెలీదు. ఆయన మెలకువగా ఉన్నప్పుడు నేను బళ్ళో, నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆయన నిద్రలో.

అలాంటి ఊరికి ఆ దంపతులు రాయపూర్ నుంచి వేంచేశారు. కెరీర్ కౌన్సెలర్ అనే మాట మేం వినడం అదే మొదలు. ఆయనా ఆవిడా మామూలుగా అయితే ఏసీ గదిలో కూర్చుని డబ్బున్నవాళ్ళ పిల్లలకి దారి చూపిస్తారట. ఆ ఏడు తమ విద్యని సమాజానికి పంచాలని బుద్ధి పుట్టింది. సేవాభావం పొంగిందో, ఆఫీసుకి వచ్చేవాళ్ళు తగ్గారో నాకు తెలీదు. ముందు క్యాంప్ 2లో ఒక బడిలో పంచారు, తర్వాత భిలాయి-3లో ఒక చర్చి హాల్లో పంచారు, తర్వాత మా తెలుగువాళ్ళ సంఘం సెక్రటరీ, అంటే రిటైరైన ఒక ఫోర్‌మన్, చేతులు జోడించి మా హాలుకి తీసుకొచ్చాడు. దిగీ దిగగానే ఆయన దారిలో కుమ్హారి దగ్గర రోడ్డు మీది దుమ్ము గురించి చాలాసేపు బాధపడ్డాడు. సమాజసేవలో దుమ్ము కూడా ఉంటుందని ఆయనకి ముందు ఎవరూ చెప్పినట్టు లేదు.

వాళ్ళకొక సిద్ధాంతం ఉండేది. దాన్ని ఆయన తెర మీద బొమ్మలేసి మరీ చెప్పాడు. బయట అందరూ నటిస్తారు, మనిషి అసలు స్వభావం ఇంట్లోనే బయటపడుతుంది, ఇంట్లో నువ్వు ఎలా ఉంటావో అదే నువ్వు, ఆ స్వభావానికి తగ్గ ఉద్యోగమే నీ ఉద్యోగం. వినడానికి ఎంత బాగుందో. మా సెక్రటరీ గంగిరెద్దులా తల ఊపాడు. ఆ సిద్ధాంతం కొద్దీ మాకిచ్చిన ప్రశ్నలన్నీ ఇంటి గురించే. ఇంట్లో బిగ్గరగా మాట్లాడతావా? ఇంట్లో పాటలు పాడతావా? బెల్ మోగితే పరిగెత్తుకెళ్ళి తలుపు తీస్తావా? చుట్టాలొస్తే కబుర్లు చెబుతావా, లోపలి గదిలోకి వెళ్ళిపోతావా? కోపం వస్తే అరుస్తావా, దిగమింగుతావా?

మేం బుద్ధిమంతులం కదా, నిజాలే రాశాం. మా బెల్ మోగి ఏళ్ళయింది, ఇక పరిగెత్తడం ఎక్కడ? పైఇంటి కుర్రాడు ప్రిన్సిపాల్ మొదలుకుని పాలవాడి దాకా అందరి గొంతులూ అనుకరించేవాడు, బడిలో వాడి చుట్టూ ఎప్పుడూ గుంపే. వాడు కూడా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడనని రాశాడు. పార్కులో క్రికెట్ ఆడుతూ ఔట్ కాదని గొంతు చించుకునే మా తమ్ముడు, కోపమొస్తే దిగమింగుతానని రాశాడు. మా నాన్నలు ఏ డిపార్ట్‌మెంటో అడిగారు ఆ మహానుభావులు. ఏ షిఫ్టో అడగలేదు.

ఫలితాలు చెప్పడానికి మే నెలలో ఒక ఆదివారం మళ్ళీ వచ్చారు. తల్లిదండ్రులు తప్పకుండా రావాలని సెక్రటరీ ఇల్లిల్లూ తిరిగి చెప్పడంతో నాన్న నైట్ షిఫ్టు దిగి తిన్నగా హాలుకే వచ్చాడు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ వరసలో ఆయనలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు. వక్త మైకు సర్దుకునేలోపే వాళ్ళ తలలు ఒక్కొక్కటీ వాలిపోయాయి.

కౌన్సెలర్ మా జాతకాలు విప్పాడు. ఈ సమాజం పిల్లలు పుట్టుకతోనే నెమ్మదస్తులట. మితభాషులట. ఒంటరిగా ఉండడం వీళ్ళకి ఇష్టమట. ల్యాబులు, స్టోర్లు, అకౌంట్లు, కంప్యూటర్లు, నోటితో పని లేనిదేదైనా వీళ్ళకి దివ్యంగా నప్పుతుందట. కొద్దిమంది పిల్లల్లో మాత్రం మాటనేర్పూ నాయకత్వమూ ఉన్నాయంటూ వాళ్ళ పేర్లు చదివాడు. నేను వింటూనే ఉన్నాను. అకౌంట్స్ ఆఫీసులో పనిచేసే ఆయన కూతురు. బడి మాస్టారి కొడుకులు. డ్రాయింగ్ ఆఫీసు ఆయన పిల్లలు. అందరూ జనరల్ షిఫ్టు ఇళ్ళ వాళ్ళే. వాళ్ళ నాన్నలు పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తారు, లోకంలో అందరిలాగే రాత్రి పడుకుంటారు. ఒకే ఊరి నుంచి వచ్చిన కుటుంబాల్లో పిల్లల స్వభావాలు ఇలా రెండు రకాలుగా ఉండడం చాలా ఆశ్చర్యంగా ఉందనీ, దీని మీద పరిశోధన జరగాలనీ ఆయన అన్నాడు. పరిశోధనట. కిటికీ మీద వేలితో కొట్టి లోపలికి వచ్చి, మా ఇంట్లో ఒక్క పూట కూర్చుని ఉంటే పరిశోధన అయిపోయేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లలెవరైనా ఏమైనా అడగాలా అని ఆయన అనగానే లేచి నిలబడ్డాను. చెప్పాల్సిందంతా నాలుక చివర సిద్ధంగా ఉంది. నోరు తెరిచాను. పక్కన నాన్న తల వెనక్కి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, గాఢంగా నిద్రపోతున్నాడు. నా గొంతులోంచి వచ్చింది గుసగుస. ఇంకోసారి ప్రయత్నించాను, మళ్ళీ గుసగుసే. వెనక వరసలోంచి మా బ్లాకు పిల్లలు నన్ను "ష్" అన్నారు. వాళ్ళ నాన్నలూ నిద్రలో ఉన్నారు మరి. కొంచెం గట్టిగా చెప్పమ్మా అని వేదిక మీద ఆయన బతిమాలాడు. నేను నాన్న వైపు చూసి కూర్చుండిపోయాను. చూశారా, నేను చెప్పినదానికి ఇంతకంటే రుజువేం కావాలి అన్నట్టు ఆయన రెండు చేతులూ చాపి సభ వైపు నవ్వాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మన పిల్లలు నెమ్మదైనవాళ్ళని పొంగిపోతూ కొట్టారు. ఆ చప్పట్ల మోతకి నిద్రపోతున్న తండ్రులంతా ఉలిక్కిపడి లేచి, ఎందుకో తెలీకుండానే తామూ కొట్టారు. వాళ్ళలో మా నాన్న కూడా ఉన్నాడు.

తర్వాత ఒక్కొక్కరినీ తల్లిదండ్రులతో పాటు బల్ల దగ్గరికి పిలిచి, దంపతుల్లోని ఆవిడ విడిగా సలహా ఇచ్చింది. నా ముఖం చూసి జాలిగా నవ్వింది. మీ అమ్మాయి శ్రద్ధగా గమనించే మనిషి, కానీ నలుగురిలో నోరు విప్పలేదు, లా, టీచింగ్, సేల్స్ లాంటివాటి జోలికి పంపి బాధపెట్టకండి, మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు బాగుంటుంది అని హిందీలో చెప్పింది. నాన్న కళ్ళు నులుముకుంటూ విన్నాడు. ఆయన ముఖంలో ఎంత గర్వమో! అంత చదువుకున్న మనిషి ఆయన కూతుర్ని అంత మెచ్చుకోవడం ఆయన ఎన్నడూ వినలేదు. పైఇంటి కుర్రాడికి స్టోర్‌కీపింగ్ నేర్పించమన్నారు. వాళ్ళ నాన్న నేర్పించాడు కూడా. ఆ దంపతులకి మరుసటేడు మా సంఘం వాళ్ళే శాలువా కప్పారు. కప్పుతారు. మా వాళ్ళకి ఉచితంగా మంచిమాట చెబితే చాలు, శాలువా తయారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నాన్న తీర్పు చెప్పేశాడు.

"పెద్ద సదువులు సదివినోలు సెప్పేరు గదేటే. నోరు నేని గుంటవి, కోర్టుకెల్లి ఏటి మాటాడతావు? ల్యాబు పని సరిపోతాది నీకు. నెత్తురు ఎవులితోటీ తగువాడదు."

నేను జవాబు మొదలుపెట్టేలోపే అమ్మ పెదవుల మీద వేలుంచింది. నాన్నకి నిద్ర వేళ. ఆయన కంచంలోనే చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. అంతే, విచారణ ముగిసింది.

రాయపూర్‌లో ల్యాబు కోర్సు నేర్పే చోట మా దూరపు చుట్టం ఒకాయన పనిచేసేవాడు. వచ్చే సోమవారమే చేరిపొమ్మని బుధవారం కబురు పెట్టాడు. ఆ వారమంతా నాన్నది నైటే. సాయంత్రం లేస్తాడు, స్నానం చేస్తాడు, తింటాడు, స్కూటరెక్కుతాడు. ఆ కాస్త సమయంలో ఇంటికి కావలసిన వస్తువులూ, ఊరి కబుర్లూ, పైఇంటి నీళ్ళ గొట్టం కారడమూ అన్నీ ఆయన చెవిన వెయ్యాలి. నా బతుకు గురించిన మాటకి అందులో చోటు లేదు. ఆఫ్ రోజున అడుగుదువులే అని అమ్మ సైగ చేసింది. ఆయనకి మళ్ళీ ఆఫ్ వచ్చే మంగళవారం. అప్పటికి నేను రాయపూర్‌లో గాజు గొట్టాలు కడుగుతూ ఉంటాను.

శనివారం మధ్యాహ్నం నాన్న పడుకున్న గదిలోకి వెళ్ళాను. కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసి ఉంది. కూలర్ మోతలో ఆయన గోడవైపు తిరిగి నిద్రపోతున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అమ్మ చూసింది. చూసి, నేనేం చేయబోతున్నానో ఆమెకి అర్థమై రెండు చేతులూ జోడించింది. వద్దు అని. ఆమె ముఖం చూస్తే భయమేసింది. ఆ నిద్ర చెడిపోతే రాత్రి మిల్లు దగ్గర నిలబడాల్సింది ఎవరో నాకూ తెలుసు. అయినా కూలర్ స్విచ్ ఆపేశాను.

మోత ఆగిపోయేసరికి నాన్న లేచి కూర్చున్నాడు. కరెంటు పోయిందనుకున్నాడు పాపం. నేను ఆయన మంచం కాళ్ళ దగ్గర నిలబడి, ఆ ఇంట్లో పుట్టి పెరిగాక మొదటిసారి, నా అసలు గొంతుతో మాట్లాడాను.

"నాన్నా, నాకు నోరు లేదని ఎవరు చెప్పారు నీకు? నీ నిద్ర కోసం మూసుకున్నాను. తమ్ముడు మూసుకున్నాడు, ఈ బ్లాకు మొత్తం మూసుకుంది. దాన్ని చూసి వాళ్ళు స్వభావం అన్నారు. నేను ల్యాబుకి వెళ్ళను. లా చదువుతాను."

అంతటితో ఆగలేదు. ఇన్నేళ్ళదీ కలిసి వచ్చింది. నువ్వు టీ తాగే గ్లాసులు ఎలా వచ్చాయో ఎప్పుడైనా అడిగావా అన్నాను. జనరల్ షిఫ్టు వాళ్ళ పిల్లలకే నాయకత్వం ఎందుకొచ్చిందో ఆలోచించమన్నాను. పెద్ద చదువుల వాళ్ళకి పట్టపగలు నిద్రపోయే మనుషులు ఉంటారని తెలీదు, నీకు తెలుసుగా, నువ్వెలా నమ్మావు అన్నాను. ఆ మాట దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే బిగ్గరగా వాదించాను. తమ్ముడు నోరు వెళ్ళబెట్టి గోడకి అతుక్కుపోయాడు. పక్కింటి చంటిపిల్ల లేచి ఏడుపు లంకించుకుంది. పైఇంటి మామయ్య లుంగీ ఎగ్గట్టుకుంటూ మెట్లు దిగి వచ్చి, ఎవులు పోయేరని అమ్మని అడిగాడు. మా బ్లాకులో పగటిపూట గొంతు లేచేది ఎవరైనా పోతేనే.

నాన్న అడ్డురాలేదు, కసరలేదు, చెయ్యెత్తలేదు. నా ముఖం వైపే చూస్తూ చివరిదాకా విన్నాడు. నేను ఆగాక, "కూలర్ ఎయ్యి" అని మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు. గుర్రు వినిపించకపోతే మాకు తెలుస్తుంది.

సాయంత్రం ఆయన ఎర్రబడిన కళ్ళతో స్కూటర్ తీసి వెళ్ళిపోయాడు. అమ్మ నాతో మాట్లాడలేదు, సైగ కూడా చెయ్యలేదు. పొద్దున స్కూటర్ చప్పుడు వినిపించేదాకా ఆమె మంచినీళ్ళు ముట్టలేదు. నేను మాత్రం నిద్రపోయాననుకుంటున్నారా? నాకు కోపం ఉంది, నేను అన్నది నిజమనే గట్టి నమ్మకం ఉంది, వాటి కింద అమ్మ భయమే ఉంది. ఆ రాయపూర్ దంపతులు ఏసీ గదిలో హాయిగా పడుకుని ఉంటారనుకుంటే వాళ్ళ మీద ఇంకా అసహ్యం వేసింది.

నాన్న మామూలుగానే వచ్చాడు. చెయ్యి కడుక్కుని, గంజన్నం ముందు కూర్చుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ చాలాసేపు తిన్నాడు. అమ్మ తలుపు పక్కన నిలబడింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. కంచం ఖాళీ అయ్యాక తలెత్తాడు.

"కోర్టులు పగలే గదేటి జరిగేది?"

అవునన్నాను.

"పొద్దున్నెల్తే మల్లీ సాయంకాలవేనా రాడం?"

సాయంత్రమే అన్నాను.

ఆయన నీళ్ళు తాగి లేచాడు.

"అయితే ఆ సదువే సదువుకో. పగలు నువ్వు ఇంట్లో నేకపోతే నాకు నిద్దర పడతాది."